అత్తయ్య ఏరిన బొప్పాయి

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది బ్లెండర్. దాని గోలకి పై అపార్ట్‌మెంట్‌లో కుక్క మొరిగేది. కుక్క గోలకి మా ఆయన శశికాంత్ లేచి, "పొద్దున్నే ఏంటి విద్యా ఈ రోడ్డు రోలరు" అని మళ్ళీ దుప్పటి ముసుగేసుకునేవాడు. నేను పట్టించుకునేదాన్ని కాదు. పిల్లల కోసం మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషికి కుక్క నిద్ర ఒక లెక్కా?

అమెరికాలో మేముండేది బెంటన్‌విల్‌లో. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందిలాగే మేమిద్దరం కూడా ఆ పెద్ద రిటైల్ కంపెనీకే కాంట్రాక్టు పని చేస్తాం. శశి ఆఫీసుకి వెళ్తాడు, నేను ఎక్కువగా ఇంటి నుంచే. ఇద్దరికీ అన్ని టెస్టులూ అయ్యాయి, రిపోర్టులన్నీ శుభ్రంగా ఉన్నాయి. "అన్‌ఎక్స్‌ప్లెయిన్డ్" అంది డాక్టర్. అంటే ఎవరి తప్పూ లేదన్నమాట. వినడానికి బాగానే ఉంటుంది గానీ, నాలాంటి కోపిష్టిదానికి అంతకంటే నరకం లేదు. తిట్టుకోవడానికి కూడా మనిషి దొరకడు. "ఈ సంవత్సరం చివరిదాకా చూద్దాం. ఫోలిక్ యాసిడ్ మానకండి, ఇద్దరూ మంచి తిండి తినండి. ఆ తర్వాత ఐవీఎఫ్ గురించి మాట్లాడుకుందాం" అని పంపేసింది.

మంచి తిండి అన్న మాట పట్టుకుని మా చంద్రిక రంగంలోకి దిగింది. చంద్రికది కరీంనగర్, ఉండేది మా పక్క బిల్డింగ్‌లోనే. తనూ ఏళ్ళ తరబడి క్లినిక్‌ల చుట్టూ తిరిగి చివరికి కవలల్ని కన్నది. "ఏందే, గట్ల మొహం వేలాడేసుకున్నవ్? నేను తాగలేదా? పొద్దుగాల పరగడుపున తాగు. రుచి గురించి మాత్రం నన్ను అడగకు" అని వాట్సాప్‌లో స్మూతీ రెసిపీ పంపింది. పాలకూర, అరటిపండు, గట్టి పెరుగు, నానబెట్టిన అవిసె గింజలు, నువ్వులు, వాల్‌నట్స్, ఒక ఖర్జూరం, పైనాపిల్ ముక్కలు, ఒక కప్పు బాగా పండిన బొప్పాయి. దీనివల్ల పిల్లలు పుడతారని డాక్టర్ ఏమీ అనలేదు. "ఒంటికి మంచిదే, తాగండి" అంది. నాకు ఆ మాత్రం చాలు. చేతిలో నేను చేయగలిగిన పని ఒకటుండాలి, లేకపోతే పిచ్చెక్కేలా ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లో అత్తయ్య వచ్చారు.

మా అత్తయ్య పేరు వసంతలక్ష్మి. రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. మామయ్య పోయాక ఒక్కరే ఉంటున్నారని శశి టికెట్ బుక్ చేశాడు. ఎండాకాలం మొదట్లో వచ్చి చలికి ముందు వెళ్ళిపోవాలని ప్లాన్. ఆవిడ ఎయిర్‌పోర్టులో దిగక ముందే నేను శశికి వార్నింగ్ ఇచ్చాను. "మీ అమ్మకి ఒక్క ముక్క తెలిసిందో, నీ పని చెప్తాను."

"అమ్మ ఎవరికీ చెప్పదు విద్యా."

"మా అమ్మా అలాగే అంది."

పోయినేడాది మొదటిసారి ట్రీట్‌మెంట్‌కి వెళ్ళినప్పుడు బుద్ధి గడ్డి తిని మా అమ్మకి చెప్పాను. రెండు రోజులు తిరక్కుండా మా పిన్నులు, మేనత్తలు, ఆఖరికి మా అమ్మ పక్కింటావిడ కూడా ఫోన్. ఒకరు తేనె తాగమంటారు, ఒకరు సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకోమంటారు, ఒకరు ఉద్యోగం మానెయ్యమంటారు. అది ఫలించలేదని తెలిశాక మళ్ళీ అదే వరసలో పరామర్శలు. చచ్చినంత పనైంది. అందుకే అత్తయ్యకి చెప్పకూడదనుకున్నాను. అంతే తప్ప ఆవిడ మీద నాకు కోపం లేదు.

వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆవిడ కాఫీ గ్లాసుతో వంటింట్లోకి వచ్చారు. నేను బ్లెండర్ ఆపి మూత తీశాను.

"ఏంటమ్మా ఇది, గోరింటాకు రుబ్బినట్టుంది?"

"స్మూతీ అత్తయ్యా. డైట్."

"నీకు డైటేంటి, ఉన్నదే ఇంత" అని నవ్వారు. నవ్వుతూనే గట్టు మీదకి చూశారు. సగం కోసిన బొప్పాయి చెక్క అక్కడ ఉంది. నవ్వు ఆగిపోయింది. "బొప్పాయా?"

"అవునత్తయ్యా."

"పరగడుపునా?"

"ఊఁ. రోజూ."

"పక్కన అది అనాసపండు కదూ?"

"అదీ వేస్తాను. నువ్వులు కూడా. అన్నీ మంచివేగా."

ఆవిడ నా ముఖంలోకి ఒక్క క్షణం చూశారు. ఏదో అనబోయి, కాఫీ ఒక గుక్క తాగి, "సరేనమ్మా, నీ ఇష్టం" అన్నారు. కుర్చీ జరుపుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. డైట్ అంటే నమ్మేశారు, బతికాను అనుకున్నాను నేను.

బొప్పాయి కోసం ప్రతి శనివారం పొద్దున పక్క ఊరు రోజర్స్‌లో మెక్సికన్ కొట్టుకి వెళ్ళేదాన్ని. మా దగ్గర మామూలు స్టోర్లలో దొరికేవి చప్పగా ఏడుస్తాయి. ఆ కొట్టులో మాత్రం ఒక్కో కాయా పసిపిల్లంత ఉంటుంది. మొదటి శనివారం అత్తయ్య కూడా వస్తానన్నారు. నేను చేతికందిన కాయ తీసి బండిలో పడెయ్యబోతుంటే ఆపారు.

"అది పచ్చిదమ్మా. కోస్తే పాలు కారతాయి. పచ్చిది మాత్రం ఎప్పుడూ తేకు, నీ ఒంటికి మంచిది కాదు."

ఆ మాట చాలా గట్టిగా అన్నారు. తర్వాత కుప్ప ముందు నిలబడి ఒక్కో కాయనీ తొడిమ దగ్గర వాసన చూసి, బొటనవేలితో నొక్కి, అటూ ఇటూ తిప్పి, చివరికి అడుగునున్నది ఒకటి లాగారు. బండిలో వేస్తే నలుగుతుందని రెండు చేతుల్తో పట్టుకుని నడిచారు. కౌంటర్ దగ్గర కుర్రాడు ఆవిడని చూసి నవ్వి, "అబ్వేలా" అని ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడమ్మా?"

"నాయనమ్మా అని పిలుస్తున్నాడు అత్తయ్యా. వాళ్ళలో పెద్దవాళ్ళని అలా అంటారట."

ఆవిడ ఆ కుర్రాడికేసి తలూపి నవ్వారు. కార్‌లో బొప్పాయిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఇంటికొచ్చేదాకా "ఇక్కడ రోడ్లు బాగున్నాయమ్మా" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. జెట్‌ల్యాగ్ కాబోలనుకున్నాను. ఆ కాయ మాత్రం తేనెలా ఉంది. అప్పట్నుంచి బొప్పాయి ఏరే పని ఆవిడకే అప్పజెప్పాను. ఆవిడ కూడా కాదనలేదు. ప్రతి శనివారం చెప్పులేసుకుని నాకంటే ముందే కార్ దగ్గర నిలబడేవారు.

జూన్ చివర్లో చంద్రిక కవలల పుట్టినరోజు పార్కులో చేశారు. వాళ్ళలో కౌస్తుభ్ అనేవాడు నన్ను చూస్తే వదలడు. కేకు చేతుల్తో వచ్చి నా మోకాళ్ళు వాటేసుకుని "ఆంటీ, అప్! అప్!" అన్నాడు. ఎత్తుకున్నాను. వాడి జుట్టు వాసన, ఎండ వాసన కలిసి ముక్కుకి తగిలాయి. వాడిని తీసుకెళ్ళి అత్తయ్య ఒళ్ళో దించేసి, ఐసు తెస్తానని చెప్పి కార్ దగ్గరికి వెళ్ళిపోయాను. కార్‌లో ఏసీ వేసుకుని కాసేపు ఏడ్చి, ముఖం తుడుచుకుని, ఐసు లేకుండానే తిరిగొచ్చాను. అత్తయ్య వాడికి చేతులు కడిగి కూర్చోబెట్టారు. ఐసు ఏదని అడగలేదు.

ఆవిడ ఏదీ అడగకపోవడం నాకు మహా హాయిగా ఉండేది. దొరికితే ఇలాంటి అత్తగారే దొరకాలి అని చంద్రికతో కూడా అన్నాను. "ఏమోనే, నాకైతే అడగని అత్తంటేనే భయం. లోపల ఏం అనుకుంటుందో ఏమో" అంది చంద్రిక. నేను కొట్టిపారేశాను.

జూలై చివరలో ఒక పొద్దున్న నాకు మళ్ళీ నెలసరి వచ్చింది. ఈసారి రెండు రోజులు ఆలస్యమైంది. ఆ రెండు రోజుల్లో నేను మనసులో ఉయ్యాల కొనేశాను, పేరు పెట్టేశాను, గది రంగు మార్చేశాను. శశి బాత్రూమ్ గుమ్మంలో నిలబడి నా భుజం మీద చెయ్యేసి, "వచ్చే నెల చూద్దాంలే విద్యా" అన్నాడు.

"వచ్చే నెల, వచ్చే నెల! నువ్వు మొగుడివా, క్యాలెండరువా?" అని అరిచాను. పాపం, లంచ్ బాక్సు కూడా మర్చిపోయి ఆఫీస్‌కి వెళ్ళిపోయాడు.

మీటింగ్ అవగానే డ్రయర్‌లోంచి తువ్వాళ్ళు తీసి మడతపెట్టుకుంటూ హాల్లోకి వచ్చాను. అత్తయ్య గది తలుపు ఓరగా ఉంది. ఆవిడ శశి మేనత్త దమయంతిగారితో వీడియో కాల్‌లో ఉన్నారు. అత్తయ్యకి ఫోన్ అంటే ఇప్పటికీ ట్రంక్‌కాలే, వీధి చివరికి వినపడేలా మాట్లాడతారు.

"నువ్వు ముందు నా మాట విను వదినా. డాక్టరూ అక్కర్లేదు, జాతకమూ అక్కర్లేదు. వాళ్ళకి వద్దు. వద్దంటే వద్దే. పిల్లలు వద్దనుకున్నారు."

తువ్వాలు చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఎందుకేంటి? వాళ్ళ బతుకు, వాళ్ళ ఇష్టం."

దమయంతిగారి గొంతు ఫోన్‌లోంచి గరగరమంటూ వినిపించింది. "మన శశిగాడు అమాయకుడే వసంతా. ఆ పిల్లే ఏదో మాయ చేసుంటుంది. నువ్వు గట్టిగా అడగవేం?"

"చూడు వదినా," అత్తయ్య గొంతు మారిపోయింది, "ఆ పిల్ల నా కోడలు. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు సెలవు పెట్టుకుని వచ్చి, నెల్లాళ్ళు నాకు అన్నం కలిపి పెట్టిన పిల్ల. దానికి వద్దంటే నాకూ వద్దు. డిసెంబర్లో మీ అనుష్క పెళ్ళికి వాళ్ళొస్తారు. అక్కడ నువ్వు గానీ, ఇంకొకరు గానీ దాన్ని ఒక్క మాట అడిగారా, పెళ్ళి పందిరని కూడా చూడను. ఆఁ, పెట్టేస్తున్నాను."

ఫోన్ పెట్టేశారు. తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉంది, ఆవిడ చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నారు.

మాయ చేశానన్నందుకు నాకు కోపం రాలేదు. నేను కోరని దాని కోసం ఈవిడ నా తరఫున అందరితో పోట్లాడుతున్నారు. నేను కోరేదేంటో ఆవిడకి తెలియదు. తలుపు తోసి లోపలికి వెళ్ళాను.

"అత్తయ్యా, మాకు పిల్లలు వద్దని మీకెవరు చెప్పారు?"

ఆవిడ ఉలిక్కిపడి లేచారు. "అయ్యో, విన్నావా! ఏమీ అనుకోకమ్మా. నేను ఎవరితోనూ అనేదాన్ని కాదు. ఆ వదిన ప్రాణం తోడేస్తుంటే నోరుజారాను."

"అది కాదత్తయ్యా. మీకెలా అనిపించింది?"

"రోజూ చూస్తున్నానుగా."

"ఏం చూస్తున్నారు?"

ఆవిడ గొంతు తగ్గించారు, గదిలో మూడో మనిషి ఎవరో ఉన్నట్టు. "బొప్పాయి. అనాస. నువ్వులు. మూడూ కలిపి, పరగడుపున. ఆ మొదటి రోజు తెలీక తాగుతున్నావేమో అనుకున్నాను. చదువుకున్న పిల్లవి, మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళున్నారు, తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే తాగుతున్నావు, నిలవకూడదనే తాగుతున్నావు అనుకున్నాను. ఆ రోజు పార్కులో పసివాణ్ణి నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయావు కూడానూ."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆగని నవ్వు. మా అమ్మ, మా అమ్మమ్మ, మా వీధిలో ఆడవాళ్ళందరూ కడుపుతో ఉన్నవాళ్ళని బొప్పాయి చెట్టు నీడకి కూడా వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. అది నాకు తెలియదా? తెలుసు. కానీ అదంతా కడుపుతో ఉన్నవాళ్ళకి. మూడేళ్ళ నుంచి నేను ఆ జాబితాలో లేను కాబట్టి, విటమిన్లు లెక్కేసుకుంటూ ఆ సంగతే మర్చిపోయాను. నవ్వుతూ నవ్వుతూ మంచం మీద కూలబడ్డాను. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకే తెలియలేదు.

"పిల్లల కోసమే తాగుతున్నాను అత్తయ్యా. మూడేళ్ళ నుంచి కావాలనుకుంటున్నాం. ఈ రోజు పొద్దున్న కూడా..." అన్నాను.

ఆవిడ తువ్వాళ్ళన్నీ పక్కకి నెట్టి నా పక్కన కూర్చున్నారు. నా తల లాగి భుజం మీద పెట్టుకున్నారు. "నా తల్లీ! మరి నేను వారం వారం అంత ఏరి ఏరి తెచ్చానే ఆ కాయల్ని" అన్నారు. ఇద్దరం మళ్ళీ నవ్వాం, మళ్ళీ ఏడ్చాం.

"నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా అత్తయ్యా" అన్నాను కాసేపటికి.

"అడగకూడదని ఒట్టేసుకునే విమానమెక్కానమ్మా. మీ ఆయన పుట్టడానికి ముందు నేనూ చాలా ఏళ్ళు ఎదురుచూశాను. ఎక్స్ఛేంజ్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునేదాన్నా? తెలిసినవాళ్ళు నెంబరు చెప్పి, నేను లైన్ కలిపేలోపు అడిగేవాళ్ళు, ఏం వసంతా, ఏదైనా విశేషమా అని. పనిలో ఉన్నాను, లేచి వెళ్ళిపోవడానికి లేదు. ఇన్నేళ్ళయినా ఆ గొంతులు ఒక్కొక్కటీ గుర్తున్నాయి నాకు. నా గొంతు నీకు అలా గుర్తుండిపోకూడదనుకున్నాను."

నేను ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున నేను వంటింట్లోకి వెళ్ళేసరికి అత్తయ్య బొప్పాయిని చంకలో పెట్టుకుని నిలబడ్డారు.

"ఇది మాత్రం వెయ్యనివ్వను."

"పండింది మంచిదే అత్తయ్యా. డాక్టర్ చెప్పింది."

"ఆవిడ ఎప్పుడైనా బొప్పాయి చెట్టు చూసిందా?"

క్లినిక్ తెరిచాక నర్సుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అత్తయ్య ఆపరేటర్ పద్ధతిలో తల ఒక పక్కకి వంచి ఆమె మాట ఒక్కటీ పోకుండా విన్నారు. పచ్చికాయ వద్దు, బాగా పండింది తినొచ్చు, అంది నర్సు. అత్తయ్య థాంక్యూ మేడమ్ అని చెప్పి, కాయని గట్టు మీద పెట్టారు.

"సరే. ఇప్పుడు వేసుకో. కానీ నెల తప్పిన రోజు నుంచి నర్సు మాటా వద్దు, డాక్టరు మాటా వద్దు, నా మాటే. బొప్పాయి, అనాస, నువ్వులు, ఈ మూడూ నీ గ్లాసులో పడకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నానత్తయ్యా."

"వాడి గ్లాసేది?"

శశి అప్పుడే కాఫీ కప్పుతో వచ్చాడు. రాత్రే వాడికి అంతా చెప్పాను, అమ్మ ముఖంలోకి చూడలేక చూపు తప్పించుకుంటున్నాడు. "నాకెందుకమ్మా?" అన్నాడు.

"నీకెందుకేంట్రా? ఆ పిల్ల ఒక్కతే కంటుందా? డాక్టరమ్మ ఇద్దరూ తినమంది కదా. ఇన్నాళ్ళ నుంచీ అది గడ్డి నమిలినట్టు నములుతుంటే, నువ్వు కాఫీ తాగుతూ కూర్చుంటావా?"

శశి ముక్కు మూసుకుని సగం తాగాడు. ముఖం ఆముదం తాగినట్టు పెట్టాడు. "అమ్మా, నీకు చెప్పకుండా దాచాం. సారీ" అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

"మిగిలింది కూడా తాగు" అన్నారు అత్తయ్య.

ఆ రోజు నుంచి మా వంటింట్లో మూడు గ్లాసులు. "మీకెందుకత్తయ్యా?" అంటే, "నాకు మోకాళ్ళకి" అనేవారు. వారం తిరిగేసరికి రెసిపీ ఆవిడ చేతుల్లోకి వెళ్ళిపోయింది. నువ్వులు దోరగా వేయించారు, చిటికెడు శొంఠి చేర్చారు, పాలకూరని ముందు వేడినీళ్ళలో ముంచి తీశారు. చంద్రిక వచ్చి రుచి చూసి, "ఆంటీ, నా రెసిపీని మొత్తం ఖరాబు జేసిండ్రు. ఇంత మంచిగుంటే ఇది స్మూతీ ఎట్లయితది?" అంది. బ్లెండర్ కడిగే పని శశి తీసుకున్నాడు. మొగుడు పొద్దున్నే సింక్ దగ్గర నిలబడి బ్లేడు సందుల్లో అవిసె గింజలు గీకుతుంటే నాకు వాడి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చేదో చెప్పలేను. క్యాలెండరు అన్నందుకు ఒకసారి వెనకనుంచి వెళ్ళి వాటేసుకున్నాను. "చేతులు తడి, చేతులు తడి" అన్నాడు.

ఆగస్టులోనూ ఏమీ లేదు. సెప్టెంబర్లోనూ లేదు. అత్తయ్యకి నా ముఖం చూస్తేనే తెలిసిపోయేది. ఏమీ అనకుండా ఆ రోజు నా గ్లాసులో ఖర్జూరం రెండు వేసేవారు. నేను తాగుతుంటే నా జుట్టు దువ్వి జడేసేవారు. ముప్పై అయిదేళ్ళ దాన్ని, కెమెరా ఆన్ చేస్తే మీటింగ్‌లో అందరూ "నైస్ బ్రెయిడ్" అనేవాళ్ళు.

అక్టోబర్లో ఆవిడ వెళ్ళిపోయే రోజు వచ్చింది. ముందు రోజు మెక్సికన్ కొట్టుకి తీసుకెళ్ళమన్నారు. ఇంకా రంగు తిరగని కాయ ఒకటి, సగం పండింది ఒకటి, పూర్తిగా పండింది ఒకటి ఏరి, ఏది ముందు కోయాలో, ఏది కాగితంలో చుట్టి ఉంచాలో నాకు రెండుసార్లు చెప్పారు. ఆ కుర్రాడికి తనే "అబ్వేలా వెళ్ళిపోతోంది బాబూ" అని తెలుగులో చెప్పారు. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ లైన్ ముందు నా చెంపలు రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"రోజూ ఫోన్ చేస్తానమ్మా. ఒక్కటే అడుగుతాను, ఈ రోజు గ్లాసులో ఏం వేశావని. అంతకుమించి ఒక్క ముక్క అడిగానంటే నన్ను తిట్టు."

అన్నట్టే రోజూ చేశారు. మాకు పొద్దున, ఆవిడకి సాయంత్రం. నేను బ్లెండర్ పక్కన ఫోన్ ఆనించి ఏమేం వేశానో చదివేదాన్ని. "బొప్పాయి?" అనేవారు చివర్న. "వేశాను" అంటే, "మంచిది" అని పెట్టేసేవారు. ఐవీఎఫ్‌కి జనవరిలో అపాయింట్‌మెంట్ ఖాయమైంది. ఆ సంగతి నేనే చెప్పాను. "అలాగేనమ్మా. పాలకూర వేశావా?" అన్నారు.

నవంబర్లో థాంక్స్‌గివింగ్‌కి ముందు వారం. బయట గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. నేను బొప్పాయి ముక్కలు కప్పులోకి కోసి గట్టు మీద పెట్టి, బాత్రూమ్‌లోకి వెళ్ళాను. శశి టబ్బు అంచు మీద కూర్చున్నాడు. ఇద్దరం ఆ చిన్న తెల్ల పుల్లకేసి చూస్తూ ఉండిపోయాం. దాని మీద రెండు గీతలు. తర్వాత శశి లేచి వంటింట్లోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. వాడు బొప్పాయి కప్పు మీద మూత పెట్టి ఫ్రిడ్జ్‌లో పెట్టేశాడు. పైనాపిల్ డబ్బా కూడా. నువ్వుల సీసాని పై అరలోకి, నాకు అందనంత ఎత్తుకి తోశాడు. తోసి, అలమర తలుపు పట్టుకుని, వీపు నాకు పెట్టి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

నాకు సంతోషం కంటే భయం ఎక్కువగా వేసింది. ఇంకా ఎన్ని వారాలు గడవాలి, ఎన్ని స్కాన్‌లు అవ్వాలి. అప్పటిదాకా ఎవరికీ, మా అమ్మకి కూడా, చెప్పకూడదని శశికీ నాకూ ఎప్పటి నుంచో ఒప్పందం. అప్పుడే ఫోన్ మోగింది.

"ఈ రోజు ఏం వేశావమ్మా?"

గొంతు సవరించుకున్నాను. "పాలకూర, అరటిపండు, పెరుగు, రెండు ఖర్జూరాలు."

"నువ్వులు?"

"వెయ్యలేదు."

"అయిపోయాయా? తెప్పించుకో. బొప్పాయి?"

అబద్ధం చెప్పొచ్చు. వేశాను అంటే అయిపోయేది. నోరు రాలేదు.

"వెయ్యలేదత్తయ్యా."

"దొరకలేదా? మొన్న శనివారం తెచ్చానన్నావుగా?"

"ఉంది. కోశాను కూడా. శశి తీసి మళ్ళీ ఫ్రిడ్జ్‌లో పెట్టేశాడు."

అటు వెనక టీవీ సీరియల్ ఏదో నడుస్తోంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది.

"అత్తయ్యా, లైన్‌లో ఉన్నారా?"

"ఉన్నానమ్మా." గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, ఆవిడ ఫోన్‌లో అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "అనాస?"

"అదీ వెయ్యలేదు."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత ఒక గ్లాసు నీళ్ళు తాగిన చప్పుడు.

"నేనెవరికీ ఏమీ చెప్పనమ్మా" అన్నారు. "అసలు నాకేం తెలుసని చెప్పడానికి? గ్లాసులో ఏం వేశావనేగా అడిగాను."

"అవునత్తయ్యా" అన్నాను. కన్నీళ్ళు బుగ్గల మీద కారి నోట్లోకి వస్తున్నాయి.

"ఆ బొప్పాయి శశిని తినెయ్యమను. పారెయ్యకండి. ఇప్పుడు నువ్వు తాగు. నువ్వు తాగేదాకా లైన్‌లో ఉంటాను."

బ్లెండర్ వేశాను. పైన కుక్క మొరిగింది. గ్లాసులో పోసుకుని, ఫోన్ పక్కన నిలబడి తాగాను. ఆ రోజు అది కాస్త చప్పగానే ఉంది. అటు నుంచి ఆవిడ ఊపిరి వినిపించింది. నేను గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడు విని, "అయిందా?" అన్నారు.

"అయిందత్తయ్యా."

"మంచిది. రేపు మళ్ళీ చేస్తాను" అన్నారు. అన్నారే గానీ, ఎంతసేపటికీ ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.